ఒక్క దెబ్బకు తగిన తూటా

అమెరికాలో ఏటా సుమారు 60 లక్షల తెల్లతోక జింకలు వేటలో నేలకొరుగుతాయి. వాటిలో ఒక్కటి కూడా గాయంతో పొదల్లోకి ఈడ్చుకుపోయి ప్రాణం విడవకూడదు. వేటగాడి మీద ఉన్న మొదటి బాధ్యత ఇదే. ఆ బాధ్యత అడవిలో కాదు, షాపులో తూటాల పెట్టె చేతిలోకి తీసుకున్నప్పుడే మొదలవుతుంది.

టెక్సస్‌లో నవంబరు మొదటి శనివారం తెల్లతోక జింకల రైఫిల్ వేట మొదలవుతుంది. ఆ రోజు పొద్దు పొడవకముందే లక్షల మంది మంచెలెక్కి కూర్చుంటారు. అంతకు రెండు మూడు వారాల ముందు నుంచే వేట సామగ్రి షాపుల్లో తూటాల అరల దగ్గర సందడి. ఆ పెట్టెల మీద పేర్లు చదివితే కొత్తవాడికి కళ్లు తిరుగుతాయి. థర్టీ థర్టీ, థర్టీ ఆట్ సిక్స్, త్రీ నాట్ ఎయిట్, టూ సెవెంటీ, టూ ఫార్టీ త్రీ, సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మోర్. ఒక్కో పేరు కింద మళ్లీ పది రకాల బుల్లెట్లు, పది రకాల బరువులు.

ఏ తూటా కొనాలన్న ప్రశ్నే మన దేశంలో తలెత్తదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. తెలంగాణకు జింక, ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక రాష్ట్ర జంతువులు. వాటి జోలికెళ్తే జైలే, అలాగే ఉండాలి కూడా. కానీ డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లలో, ఆఫీసులో తోటివాళ్లు పిలిస్తే సరదాగా రాంచ్‌కు వెళ్లి, మరుసటేడు సొంతంగా లైసెన్సు తీసుకుంటున్నవాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. అక్కడ వేట చట్టబద్ధం. లెక్క ప్రకారం, కాలం ప్రకారం, ఒక్కో జింకకు ఒక్కో ట్యాగు ప్రకారం జరుగుతుంది.

ఆ లెక్క వెనక ఒక చరిత్ర ఉంది. మాంసం కోసం, తోలు కోసం విచ్చలవిడిగా చంపేయడంతో ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికి అమెరికాలో తెల్లతోక జింకలు కొన్ని లక్షలకు పడిపోయాయి. ఆ తర్వాత కఠినమైన చట్టాలొచ్చాయి. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్నును వన్యప్రాణుల సంరక్షణకే కేటాయించింది. షాపులో కొనే ప్రతి తూటా పెట్టెలోంచీ ఆ వాటా నేటికీ అడవికి వెళ్తోంది. ఇప్పుడు అక్కడి తెల్లతోక జింకలు దాదాపు మూడు కోట్లు. చాలా రాష్ట్రాల్లో వాటిని తినే తోడేళ్లు లేవు. రోడ్ల మీద వాహనాలకు అడ్డొచ్చి ఏటా పది లక్షలకు పైగా ప్రమాదాలవుతున్నాయి. వేట అక్కడ వినోదమూ, వంటింటి అవసరమూ, అడవి లెక్కను సరిచేసే పనీ.

అంకెల గందరగోళం

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో బుల్లెట్. జింకను తాకేది బుల్లెట్ ఒక్కటే. మిగతావన్నీ దాన్ని అక్కడిదాకా తీసుకెళ్లడానికే.

థర్టీ థర్టీ, త్రీ నాట్ ఎయిట్, థర్టీ ఆట్ సిక్స్ వేరు వేరు సైజులనుకుంటారు చాలామంది. మూడింటి బుల్లెట్ల వ్యాసమూ ఒకటే, అంగుళంలో 0.308 వంతు. తేడా అంతా వెనకున్న మందులో, దాన్ని పట్టే తొడుగులో ఉంది. 150 గ్రెయిన్ల బుల్లెట్‌ను, అంటే దాదాపు 9.7 గ్రాముల బరువును, థర్టీ థర్టీ సెకనుకు సుమారు 2,400 అడుగుల వేగంతో పంపుతుంది. త్రీ నాట్ ఎయిట్ అయితే 2,800, థర్టీ ఆట్ సిక్స్ 2,900. చివరి రెంటి మధ్య తేడా ఎంత తక్కువో చూడండి. దాని మీద దశాబ్దాలుగా సాగుతున్న వాదోపవాదాలను జింక ఏనాడూ పట్టించుకోలేదు.

థర్టీ థర్టీ 1895 నాటిది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 మోడల్ లీవర్ రైఫిల్ కోసం వచ్చింది. థర్టీ ఆట్ సిక్స్ పేరులోనే దాని పుట్టిన ఏడాది ఉంది. 1906లో అమెరికా సైన్యం చేపట్టిన తూటా అది. టూ సెవెంటీ 1925లో వచ్చింది. 'అవుట్‌డోర్ లైఫ్' పత్రికలో జాక్ ఓకానర్ ఏళ్ల తరబడి దాన్ని మెచ్చుకుంటూ రాయడంతో ఇంటింటికీ చేరింది. త్రీ నాట్ ఎయిట్ 1952, టూ ఫార్టీ త్రీ 1955, సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మోర్ 2007. వందేళ్లు దాటిన థర్టీ థర్టీ ఇవాళ్టికీ అరలో ఉందంటే కారణం పాతదనం మీద మోజు ఒక్కటే కాదు. తూర్పు రాష్ట్రాల దట్టమైన అడవుల్లో జింక చాలాసార్లు వంద గజాల లోపే కనిపిస్తుంది. ఆ దూరానికి అది ధారాళంగా సరిపోతుంది.

దూరం పెరిగితే కథ మారుతుంది. వంద గజాలకు గురి సరిచేసిన థర్టీ థర్టీ బుల్లెట్ 200 గజాల దగ్గర సుమారు 8 అంగుళాలు కిందికి దిగిపోతుంది. త్రీ నాట్ ఎయిట్ దిగేది అందులో సగం. దీనికి మందు ఒక్కటే కారణం కాదు, బుల్లెట్ ఆకారం కూడా. పాత లీవర్ రైఫిళ్లలో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా నిలుస్తాయి. వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌ను ఆనుకుని ఉంటుంది. ఆ మొన సూదిగా ఉంటే, కుదుపుకు ప్రైమర్ పేలే ప్రమాదం. అందుకే వాటికి మొద్దు మొన బుల్లెట్లు పెడతారు. మొద్దు మొన గాలిని చీల్చలేదు, తొందరగా వేగం కోల్పోతుంది. ఈ శతాబ్దంలో మెత్తని రబ్బరు లాంటి పదార్థంతో చేసిన మొనలు వచ్చాక ఆ ఇబ్బంది కొంత తీరింది.

జింక ఎందుకు పడిపోతుంది?

ఎంపికలో అసలైన విషయం ఇక్కడుంది. పెట్టె మీది పెద్ద అంకెలు దీన్ని కప్పేస్తున్నాయి కాబట్టి కాస్త నిదానంగా చెప్పాలి.

జింక ముందు కాలి వెనక, ఛాతీలో కింది మూడో వంతులో గుండె, దాన్ని చుట్టుకుని రెండు ఊపిరితిత్తులు ఉంటాయి. పక్క నుంచి చూస్తే ప్రాణం తీసే ఆ చోటు వ్యాసం 8 అంగుళాలకు అటూ ఇటూ. బుల్లెట్ రెండు ఊపిరితిత్తుల గుండా దూసుకెళ్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. మెదడుకు రక్తం ఆగిపోతుంది. జింక అక్కడికక్కడే కూలవచ్చు, యాభై గజాలు పరుగెత్తి కూలవచ్చు. రెండూ మంచి దెబ్బలే. అదే బుల్లెట్ పొట్టలో తగిలితే తూటా ఎంత పెద్దదైనా ఆ జంతువుకు గంటల నరకం. నాలుగంగుళాలు పక్కకు పోయిన దెబ్బను ఏ మందూ సరిదిద్దలేదు.

సరైన చోట తగిలినా బుల్లెట్ విచ్చుకోవాలి. వేట బుల్లెట్‌లో రాగి తొడుగు లోపల సీసం ఉంటుంది. మొన దగ్గర మెత్తగా ఉండి, మాంసంలోకి దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుని దాదాపు రెట్టింపు వెడల్పవుతుంది. సైన్యం వాడే పూర్తి తొడుగు బుల్లెట్ అలా విచ్చుకోదు. సన్నని రంధ్రం చేసి అవతలికి వెళ్లిపోతుంది. అలాంటి బుల్లెట్‌తో జింకను కొట్టడాన్ని చాలా రాష్ట్రాలు నిషేధించాయి. ఈ విచ్చుకునే బుల్లెట్ల చరిత్రలో మన దేశానికీ చోటుంది. 1890లలో కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ సైన్యం కోసం మొన తెరిచిన బుల్లెట్లు తయారయ్యాయి. వాటి గాయాలు మరీ ఘోరంగా ఉంటున్నాయని 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో విచ్చుకునే బుల్లెట్లను నిషేధించింది. యుద్ధంలో క్రూరమైనది వేటలో దయ అవుతుంది. గాయపడ్డ సైనికుడికి వైద్యుడు ఉంటాడు, జింకకు ఎవరూ ఉండరు.

విచ్చుకోవడం కూడా హద్దులో ఉండాలి. 1946లో కెనడాలో జాన్ నోస్లర్ అనే వేటగాడు పెద్ద మూస్‌ను కొడితే బుల్లెట్ భుజం దగ్గరే చితికిపోయింది, లోపలికి దిగలేదు. ఆ అనుభవంతో ఆయన బుల్లెట్ నడుమ రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు భాగం విచ్చుకుంటుంది, వెనక భాగం గట్టిగా నిలిచి లోతుకు దిగుతుంది. 1948లో వచ్చిన ఆ పార్టిషన్ బుల్లెట్ ఇప్పటికీ అమ్ముడవుతోంది. కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న బుల్లెట్ గురించి. ఏ క్యాలిబర్, అంటే ఎంత వ్యాసం అన్నది దాని తర్వాత. టార్గెట్ షూటింగ్‌కు చేసిన బుల్లెట్ ఎంత గురిగా తగిలినా జింకకు పనికిరాదు. పెట్టె మీద పెద్ద జంతువుల వేటకు తగినదని స్పష్టంగా రాసి ఉండాలి.

చట్టం గీసిన గీతలు

జింకకు ఎంత శక్తి కావాలి? తగిలే చోట కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలన్నది వేటగాళ్లలో తరాలుగా నడుస్తున్న మాట. కొలరాడో దాన్ని చట్టంలోకే ఎక్కించింది. క్యాలిబర్ 0.24 అంగుళాలకు తగ్గకూడదు, జింకకు బుల్లెట్ కనీసం 70 గ్రెయిన్లుండి విచ్చుకునేదై ఉండాలి, వంద గజాల దగ్గర 1,000 అడుగు-పౌండ్లు మిగలాలి. ఇంగ్లండ్‌లో పెద్ద జాతుల జింకలకు 0.240 అంగుళాల క్యాలిబర్, తుపాకీ మూతి దగ్గర 1,700 అడుగు-పౌండ్లు కనీస హద్దు. టెక్సస్ చట్టం ఇంత వివరంగా ఉండదు. తెల్లతోక జింకల మీద రిమ్‌ఫైర్ (అడుగు అంచున నిప్పు పుట్టే) తూటాలు వాడకూడదంటుంది, సెంటర్‌ఫైర్ (అడుగు నడుమ ప్రైమర్ ఉన్నవి) అయితే చాలంటుంది.

ఒహాయో, అయోవా లాంటి చోట్ల మరో తరహా నిబంధన. పొలాలు, ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న చదునైన నేలలవి. గురి తప్పిన బుల్లెట్ చాలా దూరం పోకూడదని అక్కడ చాలాకాలం షాట్‌గన్‌లే అనుమతించారు. తర్వాత మెడ సన్నబడని, నిటారు గోడల తొడుగున్న రైఫిల్ తూటాలకు తలుపు తెరిచారు. 2019లో వచ్చిన త్రీ ఫిఫ్టీ లెజెండ్ ఆ నిబంధనకు సరిపోయేలా తయారైన తూటా. మీ స్నేహితుడు టెక్సస్‌లో మెచ్చుకున్న తూటా ఒహాయోలో నేరం కావచ్చు. ఏ రాష్ట్రంలో వేటాడితే ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా వేసే నిబంధనల పుస్తకం చూసుకోవాల్సిందే.

వెయ్యి అడుగు-పౌండ్లన్నది మంచి కొలబద్ద, అంతకు మించి ప్రకృతి సూత్రమేం కాదు. థర్టీ థర్టీ 200 గజాల దగ్గర ఆ గీత కిందికి జారిపోతుంది. అయినా అమెరికాలో మరే తూటా కంటే ఎక్కువ జింకలను కొట్టింది అదేనని పాతతరం వేటగాళ్లు ఢంకా బజాయించి చెబుతారు. జింక సైజూ చూడాలి. ఉత్తరాన విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో ముదురు మగ జింక వంద కిలోలు దాటుతుంది. టెక్సస్ హిల్ కంట్రీలోవి అంతకంటే బాగా చిన్నవి. ఎల్క్ లాంటి భారీ జంతువుల కోసం ఎక్కువ మందు పట్టేలా చేసిన మాగ్నమ్ తూటా ఆ చిన్న జింక భుజంలో తగిలితే, వండుకోవాల్సిన మాంసమంతా రక్తపు ముద్దవుతుంది.

భుజం చెప్పే నిజం

డాలస్ శివారులో ఒక షూటింగ్ రేంజ్. ఖమ్మం వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు, ఏళ్లుగా వేటాడుతున్న గుంటూరాయన. కుర్రాడి గురి ఖరీదైన మాగ్నమ్ రైఫిల్ మీద ఉంది.

"అన్నా, త్రీ హండ్రెడ్ మాగ్నమ్ కొంటే ఎక్కడ తగిలినా పడిపోతుంది కదా?"

"ఎక్కడ తగిలినా పడదు తమ్ముడూ. తగలాల్సిన చోట తగిలితేనే పడుతుంది. ముందు నీ చెయ్యి చూద్దాం."

ఆయన తన థర్టీ ఆట్ సిక్స్ ఇచ్చాడు. తూటాలు తానే నింపాడు. నడుమ నడుమ మందు లేని ఉత్త తూటా పెట్టాడు, కుర్రాడికి చెప్పలేదు. మొదటిది పేలింది. రెండోదానికి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్'మన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కానీ రైఫిల్ మూతి జానెడు కిందికి గుంజుకుంది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి, భుజం ముందుకు దూకింది.

"తుపాకీ పేలలేదు తమ్ముడూ. ఉలిక్కిపడ్డది నువ్వే."

తర్వాత టూ ఫార్టీ త్రీ చేతికిచ్చాడు. దాని తన్ను థర్టీ ఆట్ సిక్స్‌లో దాదాపు సగం. కాసేపటికి ఉత్త తూటా వచ్చినా మూతి కదలడం మానేసింది. కాగితం మీద రంధ్రాలు ఒకచోటికి చేరాయి.

తూటా ఎంపిక గురించి రాసిన ఎన్నో పేజీల కంటే ఆ కాసేపు ఎక్కువ నేర్పుతుంది. తన్నుకు భయపడ్డ శరీరం ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే గురిని చెడగొడుతుంది. మనసుకు ఆ సంగతి తెలియదు కూడా. చెవులు కప్పుకోకుండా పేల్చితే ఆ బెదురు రెట్టింపవుతుంది. ధైర్యం, మగతనం అంటూ పెద్ద తుపాకీ చేతికిచ్చి కొత్తవాళ్లను బెదరగొట్టేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ గొప్పకు మూల్యం చెల్లించేది జింక.

ఇక నా సిఫారసు. తొలి రైఫిల్‌కు త్రీ నాట్ ఎయిట్, సెవెన్ ఎంఎం-నాట్ ఎయిట్, సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మోర్ మూడూ మేలైనవే. మీ భుజానికి హాయిగా ఉన్నది తీసుకోండి. త్రీ నాట్ ఎయిట్ దాదాపు ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది. 2020, 2021 తూటాల కరువులో వాటి కోసం తిరిగినవాళ్లకు ఆ సౌకర్యం విలువ తెలుసు. సెవెన్ ఎంఎం-నాట్ ఎయిట్ 1980లో వచ్చింది. దాని పనితనం పాత సెవెన్ ఎంఎం మౌజర్‌కు చాలా దగ్గర. ఆ మౌజర్‌నే బ్రిటిష్ వాళ్లు టూ సెవెంటీ ఫైవ్ రిగ్బీ అన్నారు, నరభక్షక పులుల వేటగాడు జిమ్ కార్బెట్ చేతిలో ఉన్న రైఫిళ్లలో ఒకటి దానిదే. చిన్న శరీరం ఉన్నవారికి, పిల్లలకు టూ ఫార్టీ త్రీ మంచిది, కాకపోతే గట్టి బుల్లెట్ పెట్టాలి, జింక పూర్తిగా పక్కకు తిరిగేదాకా ఆగాలి. ఏటవాలుగా భుజం ఎముక చీల్చుకుపోయే దెబ్బకు దాన్ని నమ్ముకోవద్దు. జింకలకు మాగ్నమ్ అక్కర్లేదు.

క్రీడ్‌మోర్ విషయంలో ఒక్క హెచ్చరిక. సన్నగా పొడవుగా ఉండే దాని బుల్లెట్ గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. ఆ పేరు చెప్పుకుని కొందరు 400, 500 గజాల నుంచి జింకల మీద పేలుస్తున్నారు. 400 గజాలు చేరడానికి ఆ బుల్లెట్‌కు దాదాపు అర సెకను పడుతుంది. అర సెకనులో జింక ఒక అడుగు వేస్తుంది, ఊపిరితిత్తుల చోటికి పొట్ట వస్తుంది. మోకాలి మీద కూర్చుని, అడవిలో ఎలా పేలుస్తారో అలాగే పేల్చి, ఎంత దూరం దాకా ప్రతి దెబ్బనూ 8 అంగుళాల వృత్తంలో నిలపగలరో అదే మీ హద్దు. అది 120 గజాలైతే 120 గజాలే.

కొనేముందు రైఫిల్ గొట్టం మీద చెక్కిన పేరూ, పెట్టె మీద పేరూ అక్షరం పొల్లు పోకుండా ఒకటేనా చూసుకోవాలి. తొడుగు దూరినంత మాత్రాన అదే తూటా కాదు. త్రీ హండ్రెడ్ బ్లాక్‌అవుట్ తూటా టూ ట్వంటీ త్రీ రైఫిల్‌లో దూరి, గొట్టం పగిలిన ప్రమాదాలు జరిగాయి.

పళ్లెంలోకి వచ్చే సీసం

సీసపు బుల్లెట్ మాంసంలో విచ్చుకునేటప్పుడు కంటికి కనిపించనంత చిన్న తునకలు గాయం చుట్టూ చెదురుతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదల కోసం వేటగాళ్లు దానమిచ్చిన జింక మాంసంలో ఇవి బయటపడ్డాయి, అధికారులు ఆ మాంసాన్ని పంచొద్దన్నారు. అడవిలో వదిలేసిన పేగులు తిని డేగలు, కాండోర్ రాబందులు సీసం విషానికి గురవుతున్నాయి. 1982లో కాలిఫోర్నియా కాండోర్లు 22 మాత్రమే మిగిలాయి. ఆ జాతిని మళ్లీ నిలబెట్టే ప్రయత్నాలకు సీసం ఇప్పటికీ పెద్ద అడ్డంకి. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది.

పూర్తి రాగి బుల్లెట్లు దీనికి జవాబు. అవి తునకలు కావు, దాదాపు మొత్తం బరువుతో అవతలికి వెళ్తాయి. సీసం కంటే రాగి తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది, విచ్చుకోవడానికి వేగమూ కావాలి. త్రీ నాట్ ఎయిట్‌లో 165 గ్రెయిన్ల సీసం వాడేవాళ్లు రాగిలో 150కో 130కో దిగితే మంచిది. ధర ఎక్కువే. ఇంట్లో చిన్నపిల్లలు ఆ మాంసం తింటారనుకుంటే నేను ధర చూడను.

తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. స్నేహితుడి తుపాకీయే కదా అనుకుని చేతిలోకి తీసుకోకముందే లైసెన్సు జేబులో ఉండాలి, సందేహముంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి వేట శిక్షణ కోర్సు కూడా తప్పనిసరి.

వేట కాలానికి ముందు రెండు మూడు రకాల పెట్టెలు కొని రేంజ్‌కు వెళ్లండి. ఒకే రైఫిల్ ఒక రకం తూటాను దగ్గర దగ్గరగా వేస్తుంది, ఇంకో రకాన్ని చెదరగొడుతుంది. బాగా వేసిన రకాన్నే అడవికి తీసుకెళ్లండి. దెబ్బ వేశాక వెంటనే పరుగెత్తొద్దు, అరగంట ఆగండి. నేల మీద నురగతో కూడిన లేత ఎర్ర రక్తం కనిపిస్తే ఊపిరితిత్తులు, నల్లగా ఉంటే కాలేయం, పచ్చటి పసరు కలిస్తే పొట్ట. పొట్టదెబ్బైతే గంటల తరబడి ఆగాల్సిందే. తొందరపడి వెంటపడితే జింక మరింత దూరం పోతుంది, వెతుకులాట ఫలించదు. బుల్లెట్ అవతలికి కూడా వెళ్లి రెండు రంధ్రాలు పడితే జాడ పట్టడం సులువు. టెక్సస్‌లో చాలా కౌంటీలు గాయపడ్డ జింకను వెతకడానికి కుక్కలను వాడనిస్తాయి.

తోలు ఒలిచేటప్పుడు పక్కటెముకల దగ్గర గాయం తెరిచి చూడండి. లోపలికి వెళ్లిన రంధ్రం, బయటికొచ్చిన రంధ్రం, నడుమ ఊపిరితిత్తుల్లో దారి ఎంత వెడల్పుందో, భుజం మాంసం ఎంత పాడైందో చూడండి. బుల్లెట్ అవతలి తోలు కింద చిక్కుకుని ఉంటే కడిగి తూకం వేయండి. 150 గ్రెయిన్లలో 140 మిగిలితే అదే పెట్టె మళ్లీ కొనొచ్చు. సగం కూడా మిగలకపోతే వచ్చే ఏడాదికి గట్టి బుల్లెట్ వెతకాలి.